తప్పు చేశాక కూడా ఆడించే నిమిషాలు

(హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ కోచ్‌లు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని ప్రాక్టీస్‌కు దింపి ఇంటికి వెళ్లకుండా ఇక్కడే కూర్చున్న తల్లిదండ్రులకు, సాయంత్రం సెషన్ ఉన్నా వచ్చిన కోచ్‌లకు ధన్యవాదాలు.

నన్ను మాట్లాడమన్న విషయం ఒక్కటే. జట్టులో కుర్రాళ్లకు ఆడే టైమ్ ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అని. "మావాడు రోజూ ప్రాక్టీస్‌కు వస్తున్నాడు కదా సార్, మ్యాచ్‌లో ఎందుకు దించరు?" అని ప్రతి అకాడమీలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చాలాచోట్ల దొరికే జవాబు "టైమ్ వస్తుందమ్మా, చూద్దాం" అని. ఆ టైమ్ దానంతట అది రాదు. ఎవరో ఒకరు కూర్చుని లెక్క వేసి, ఇంకొకరి దగ్గర తగ్గించి వీడికి ఇవ్వాలి. అందుకని లెక్కతోనే మొదలుపెడతాను.

ఒక మ్యాచ్ 90 నిమిషాలు. మైదానంలో పదకొండు మంది. అంటే ఒక జట్టు దగ్గర మ్యాచ్‌కు 990 నిమిషాలు ఉంటాయి. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2020-21 సీజన్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలో 20 మ్యాచ్‌లు ఆడింది. మొత్తం 19,800 నిమిషాలు. అందులో ఒక్క స్థానాన్ని సీజనంతా ఒక్క కుర్రాడికే ఇచ్చేశారనుకోండి, వాడికి వెళ్లేది 1,800. పదకొండింట ఒక వంతు. కోచ్ చేతిలో ఉన్న సొత్తు ఇంతే. కప్పు గెలవాలన్నా, గోల్స్ కొట్టాలన్నా, కుర్రాడిని తయారు చేయాలన్నా ఇందులోంచే ఖర్చు పెట్టాలి.

మరి కోచ్ ఆ నిమిషాలను కుర్రాడికి ఎందుకివ్వడు? వాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు వాళ్ల పరిస్థితి చూడండి. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఉద్యోగం పోతుంది. పద్దెనిమిదేళ్లవాడిని ఈ ఏడాది ఆడిస్తే ఫలితం రెండేళ్ల తర్వాత కనిపిస్తుంది, అప్పటికి అక్కడ కోచ్‌గా ఇంకెవరో ఉంటారు. నష్టం ఇప్పుడు, తన ఖాతాలో. లాభం ఎప్పుడో, ఇంకొకరి ఖాతాలో. ఈ స్థితిలో ముప్పై ఏళ్లు నిండిన అనుభవజ్ఞుణ్ని దించడమే ఎవరికైనా తెలివైన పని. కాబట్టి కుర్రాళ్ల నిమిషాలను కోచ్ మంచితనానికి వదిలేయకూడదు. జట్టు నడిపేవాళ్లు సీజన్ మొదట్లోనే కూర్చుని నిర్ణయించాలి. ఓడినా నీ ఉద్యోగానికి ఢోకా లేదు, ఈ ఇద్దరు కుర్రాళ్లు మాత్రం ఆడాలి అని కోచ్‌కు పైనుంచి మాట రావాలి.

ప్రపంచంలో ఈ పని రూల్ పెట్టి చేయిద్దామని చాలామంది చూశారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2010 నుంచి ఒక రూల్ ఉంది. 25 మంది జాబితాలో స్థానిక క్లబ్బుల్లో కాకుండా బయట తయారైన ఆటగాళ్లు 17 మందికి మించకూడదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ పోటీల్లో కూడా జాబితాలో ఎనిమిది చోట్లు స్థానికంగా తయారైనవాళ్ల కోసం ఉంచాలి. మంచిదే. కానీ ఇవి జాబితాలో పేరు గురించి పెట్టిన రూల్స్. పేరు ఉన్నంత మాత్రాన బూటుకు గడ్డి తగలదు.

మెక్సికోవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2005లో తమ మొదటి డివిజన్‌లో నిమిషాలకే రూల్ పెట్టారు. 20 ఏళ్ల 11 నెలలు దాటని ఆటగాళ్లకు ప్రతి జట్టూ ఒక టోర్నమెంట్‌లో కనీసం వెయ్యి నిమిషాలు ఇవ్వాలి, లేకపోతే పాయింట్లు కోత. వాళ్ల టోర్నమెంట్ అర్ధ సంవత్సరానికి ఒకటి, జట్టుకు 17 మ్యాచ్‌లు. మన లెక్కే వేసుకుంటే ఒక జట్టు మొత్తం నిమిషాలు 16,830. అందులో వెయ్యి అంటే ఆరు శాతం. అడిగింది పెద్ద త్యాగమేమీ కాదు. దాన్ని కూడా కొన్ని జట్లు ఎలాగోలా కోటా పూర్తి చేసేసి, అసలు పోటీ వేడెక్కాక కుర్రాణ్ని మళ్లీ బెంచ్ మీదికి పంపించేవి.

చైనాలో జరిగింది మాత్రం ప్రతి కోచ్ తెలుసుకోవాలి. 2017లో వాళ్ల సూపర్ లీగ్‌లో కొత్త నిబంధన పెట్టారు. 23 ఏళ్ల లోపు చైనా ఆటగాడు ఒకడు మొదటి పదకొండు మందిలో తప్పనిసరిగా ఉండాలని. కోచ్‌లు ఏం చేశారు? కుర్రాణ్ని దించారు, పదిహేను ఇరవై నిమిషాలు కాగానే బయటికి పిలిచి సీనియర్‌ని పంపారు. రూల్ నెరవేరింది, జట్టుకు నష్టం లేదు. మరుసటి ఏడాది, విదేశీ ఆటగాళ్లు ఎంతమంది ఆడితే అంతమంది కుర్రాళ్లూ ఆడాలని మార్చారు. అప్పుడేమో ఆఖరి నిమిషాల్లో, ఇంజ్యూరీ టైమ్‌లో దించడం మొదలైంది. టీవీలో మ్యాచ్ ఇరవయ్యో నిమిషంలో బోర్డు పైకి లేవడం, దెబ్బ తగలని కుర్రాడు తల దించుకుని బయటికి నడవడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఏ తప్పూ చేయకుండానే వాడికి శిక్ష పడింది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఉంది. కుర్రాడికి ఎన్ని నిమిషాలు ఇచ్చారన్నది సగం లెక్క. మిగతా సగం, వాడు తప్పు చేశాక ఎన్ని నిమిషాలు ఉంచారన్నది. ఈ రెండో లెక్క ఎవరూ రాయరు. నా దృష్టిలో ఆటగాడు తయారయ్యేది అక్కడే.

ఒక జిల్లా స్థాయి అండర్-16 టోర్నీ ఫైనల్లో చూసింది చెబుతాను. లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ అంచు డిఫెండర్‌గా ఆడుతున్న కుర్రాడు, పదిహేనేళ్లుంటాయి. అప్పటిదాకా బ్రహ్మాండంగా ఆడాడు. ఒకసారి గోల్‌కీపర్‌కు వెనక్కి ఇచ్చిన పాస్ చిన్నదైంది. అవతలి ఫార్వర్డ్ మధ్యలో అందుకుని గోల్ కొట్టేశాడు. బంతి సెంటర్‌కు తెచ్చేలోపే కోచ్ నంబర్ పిలిచాడు. కుర్రాడు బయటికి వచ్చి, తోటివాళ్ల పక్కన కాకుండా నీళ్ల డబ్బాల వెనకాల కూర్చున్నాడు. మ్యాచ్ అయిపోయే దాకా షిన్ గార్డ్స్ తీయలేదు, మళ్లీ పిలుస్తారేమో అన్నట్టు. ఆ తర్వాత ఇంకో టోర్నీలో అదే కుర్రాణ్ని చూశాను. బంతి కాలికి తగిలీ తగలకముందే లైన్ బయటికి కొట్టేస్తున్నాడు. ఎదురుగా ఖాళీగా మనవాడున్నా పాస్ ఇవ్వడం లేదు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. బయటికి కొడితే గోల్ పడదు కదా! పైగా "సేఫ్‌గా ఆడుతున్నాడు" అని మెచ్చుకున్నారు. ఆడటం తెలిసిన కుర్రాడు మూడు నెలల్లో బంతి అంటే భయపడే కుర్రాడయ్యాడు. కారణం ఆ పాస్ కాదు, ఆ తర్వాత వాడికి దక్కకుండా పోయిన నిమిషాలు.

పల్లెల్లో బావిలో ఈత నేర్పేవాళ్లను చూసే ఉంటారు. పిల్లవాడు ఒక గుక్క నీళ్లు మింగగానే పైకి లాగేస్తే వాడికి నీళ్లంటే భయమే మిగులుతుంది. పక్కనే ఉంటారు, చెయ్యి అందేంత దూరంలో ఉంటారు, కానీ వాడిని నీళ్లలోనే ఉంచుతారు.

ఇప్పుడు లెఫ్ట్ బ్యాక్ కథే ఇంకొకటి, దీనికి పూర్తిగా వేరేది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలైంది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. రెండో సీజన్‌కు స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. ఇలాంటప్పుడు ఏ కోచ్ అయినా ముందు పరువు కాపాడుకునే పని చూస్తాడు. ఆయన ఉత్తరప్రదేశ్‌లోని బల్‌రామ్‌పూర్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రాను లెఫ్ట్ బ్యాక్‌గా దించారు. ఆ సీజన్ మొదలైనప్పుడు ఆకాశ్‌కు పందొమ్మిదేళ్లు నిండుతున్నాయి. అవతలి వైపు రైట్ బ్యాక్‌గా సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్. ముందు గోవా కుర్రాడు లిస్టన్ కొలాసో, మణిపూర్ నుంచి మహ్మద్ యాసిర్. వీళ్లందరూ ఇరవై రెండేళ్ల లోపో, అటూ ఇటూగానో ఉన్నవాళ్లు.

రెండు ఫుల్ బ్యాక్ స్థానాల్లోనూ, అంటే డిఫెన్స్ రెండు అంచుల్లోనూ, కుర్రాళ్లే ఉండటం ఎంత ధైర్యమో కోచ్‌లకు తెలుసు. ఫార్వర్డ్ తప్పు చేస్తే ఛాన్స్ పోతుంది, డిఫెండర్ తప్పు చేస్తే గోల్ పడుతుంది. ఆకాశ్ కూడా తప్పులు చేశాడు, పొజిషన్ తప్పాడు, వెనకాల ఖాళీ వదిలాడు. తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ అతనే. దాదాపు సీజనంతా ఆ స్థానం అతనిదే. నేనిందాక చెప్పిన 1,800 నిమిషాల లెక్క ఇతని లాంటివాళ్ల కోసమే. ఆ ఏడాది జట్టు ఐదో స్థానంలో ఆగింది. చివరి మ్యాచ్‌లో ఎఫ్‌సీ గోవా మీద గెలిచి ఉంటే ప్లేఆఫ్ దొరికేది, 0-0తో ముగిసింది. అయినా కోచ్‌ను మార్చలేదు. క్లబ్ చేసిన గొప్ప పని అది. 2021 మార్చిలో దుబాయ్‌లో ఒమన్‌తో జరిగిన మ్యాచ్‌లో ఇండియా తరఫున ఒకేసారి పదిమంది కొత్తవాళ్లు ఆడితే అందులో ఆకాశ్ ఒకడు. ఆ మరుసటి సీజన్‌లో, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి హైదరాబాద్ కప్పు గెలిచింది.

కప్పు ఎత్తినప్పుడు అందరూ గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీల గురించి, ఫార్వర్డ్ ఓగ్బెచే గోల్స్ గురించి మాట్లాడారు. మాట్లాడాల్సిందే. కానీ ఆ కప్పుకు పునాది పడింది ముందు ఏడాది, ప్లేఆఫ్ కూడా దక్కని సీజన్‌లో. అదీ ఎవరూ చూడని మైదానాల్లో. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగింది. కుర్రాళ్లకు అది మేలు చేసిందని నా నమ్మకం. తప్పు చేసినప్పుడు స్టాండ్స్ నుంచి వచ్చే ఆ "అయ్యో" అనే శబ్దం లేదు.

ఇంకోమాట కూడా చెప్పాలి, కొంచెం బాధగానే. ఆ ఫైనల్లో మొదటి పదకొండు మందిలో మన రెండు తెలుగు రాష్ట్రాల కుర్రాడు ఒక్కడూ లేడు. మన ఊరి పేరు మీద కప్పు వచ్చింది, మన పిల్లల నిమిషాలు మాత్రం అందులో సున్నా.

అదే క్లబ్ రెండేళ్ల తర్వాత ఇంకో పాఠం నేర్పింది. 2023-24లో డబ్బు ఇబ్బందులు వచ్చాయి, విదేశీ ఆటగాళ్లు, సీనియర్లు చాలామంది వెళ్లిపోయారు. థాంగ్‌బోయ్ సింగ్టో కోచింగ్‌లో మిగిలిన కుర్రాళ్లతోనే జట్టు దిగింది. నిమిషాల లెక్క చూస్తే ఆ ఏడాది కుర్రాళ్లకు పండగే. సీజనంతా గెలిచింది మాత్రం ఒకే ఒక్క మ్యాచ్, మార్చిలో చెన్నైయిన్ మీద. ఆ పిల్లలు పడ్డ కష్టాన్ని తక్కువ చేయను. వారం వారం ఓడిపోతామని తెలిసి కూడా పరిగెత్తారు. కానీ పక్కన నిలబడి "నువ్వు పైకి వెళ్లు, వెనకాల నేను చూసుకుంటా" అనే పెద్దవాడు లేనప్పుడు తొంభై నిమిషాలు దొరికినా అందులో నేర్చుకునేది తగ్గిపోతుంది. అలసట, అవమానం ఎక్కువైపోతాయి. ఇవ్వాలనుకుని ఇచ్చిన నిమిషాలు వేరు, వేరే దిక్కులేక ఇచ్చిన నిమిషాలు వేరు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకే వెళ్లిపోయింది. అదే ఏడాది జూలైలో లీగ్ కూడా వాయిదా పడింది. లీగే ఆగిపోతే కుర్రాళ్ల నిమిషాల గురించి ఏం మాట్లాడతాం?

అందరూ కుర్రాళ్లే ఉన్న జట్టు అంటే ఇండియన్ ఆరోస్ గుర్తుకు రావాలి. 2010లో జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ మొదలుపెట్టింది, 2013లో ఆపేసింది. 2017 అండర్-17 వరల్డ్ కప్ మన దేశంలో జరిగాక మళ్లీ తెచ్చింది. ఆ వరల్డ్ కప్‌లోనే ఢిల్లీలో కొలంబియా మీద జీక్సన్ సింగ్ కార్నర్ కిక్‌కు తలతో గోల్ కొట్టాడు. వరల్డ్ కప్‌లలో ఇండియాకు మొదటి గోల్ అది. ఆ సంబరం ఒక్క నిమిషం కూడా నిలవలేదు, వెంటనే కొలంబియా మళ్లీ కొట్టి 2-1తో గెలిచింది. ఆ పిల్లల్నే దేశంలోని ఇంకో పెద్ద లీగ్ ఐ-లీగ్‌లో పెద్దవాళ్ల జట్ల మీద ఆడించారు. ఆరోస్‌కు ఒక వెసులుబాటు ఉండేది, చివరి స్థానంలో నిలిచినా కింది డివిజన్‌కు పంపరు. అంటే కోచ్‌కు ఉద్యోగ భయం లేదు, కుర్రాడు తప్పు చేసినా బెంచ్ మీదికి పిలవాల్సిన తొందర లేదు. జీక్సన్, సురేశ్ వాంగ్జామ్, రహీమ్ అలీ, మనం చెప్పుకున్న ఆకాశ్ మిశ్రా అక్కడ ఆడినవాళ్లే. 2022లో దాన్ని మళ్లీ మూసేసి, ఆ డబ్బుతో యూత్ లీగ్ నడుపుతామన్నారు. యూత్ లీగ్ కావాల్సిందే. కానీ పద్దెనిమిదేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాళ్ల మీదే ఆడుతూ ఉంటే ముప్పై ఏళ్ల డిఫెండర్ భుజం ఎలా ఉంటుందో తెలియదు. ఆరోస్‌ను మూయడం పొరపాటని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

పెద్దల మధ్య కుర్రాళ్లను కలపడం ఎలాగో చూడాలంటే 1995 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌ను చూడండి. ఆ వేసవిలో ఆ జట్టు కోచ్ ఫెర్గూసన్ ముగ్గురు పెద్ద ఆటగాళ్లను, ఇన్స్, హ్యూజ్, కంచెల్‌స్కిస్‌లను పంపించేసి అకాడమీ పిల్లలను దించారు. మొదటి మ్యాచ్ ఆస్టన్ విల్లా మీద 3-1తో ఓడారు. టీవీలో విశ్లేషకుడు అలన్ హాన్సెన్ "పిల్లలతో ఏదీ గెలవలేరు" అన్నారు. ఆ మాట అందరికీ తెలుసు. అందరూ మర్చిపోయేది, ఆ ఓటమి తర్వాత ఫెర్గూసన్ ఆ పిల్లల్ని పక్కన పెట్టలేదన్న సంగతి. బెక్‌హమ్, స్కోల్స్, నెవిల్ సోదరులు, బట్ ఆడుతూనే ఉన్నారు. వాళ్ల వెనకాల ష్మైకెల్, బ్రూస్, పాలిస్టర్ ఉన్నారు, మధ్యలో కీన్ ఉన్నాడు, అక్టోబర్‌లో నిషేధం ముగించుకుని కంటోనా వచ్చాడు. ఆ సీజన్‌లో లీగూ గెలిచారు, ఎఫ్ఏ కప్పూ గెలిచారు.

ఎక్కువ ఇచ్చి చెడగొట్టడమూ ఉంది. బార్సిలోనా పెద్రీ సంగతి చూడండి. 2020-21 సీజన్‌లో అతనికి పద్దెనిమిదేళ్లు. క్లబ్బుకు, దేశానికి, యూరో, ఆ వెంటనే టోక్యో ఒలింపిక్స్ అన్నీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు. తర్వాతి సీజన్‌లో చాలా భాగం తొడ కండరం గాయంతోనే గడిచిపోయింది. అదే క్లబ్బులో లమీన్ యమాల్ 2023 ఏప్రిల్‌లో పదిహేనేళ్లకే మొదటి మ్యాచ్ ఆడాడు, 2024లో పదిహేడో పుట్టినరోజు మర్నాడు యూరో గెలిచాడు. మనవాళ్లు అతన్ని చూపించి "పదహారేళ్లకే ఆడిస్తున్నారు కదా" అంటారు. యమాల్ లాంటివాడు ఒక తరానికి ఒకడు. అతన్ని కొలబద్దగా పెట్టుకుంటే మన పిల్లలు దెబ్బతింటారు.

ఇది దూరపు సంగతి అనుకోకండి. మన దగ్గర కాస్త బాగా ఆడే కుర్రాడు శనివారం స్కూల్ జట్టుకు, ఆదివారం పొద్దున క్లబ్‌కు, రాత్రి లైట్ల కింద టర్ఫ్ మీద జట్టుకు ఐదుగురు ఆడే ఫైవ్స్ టోర్నీలో అన్నలతో కలిసి ఆడుతున్నాడు. ముగ్గురు కోచ్‌లకూ వాడు తమ దగ్గర ఆడిన నిమిషాలే తెలుసు. సోమవారం వాడు మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టుకుంటే అమ్మకు మాత్రమే తెలుస్తుంది. అమ్మలూ, నాన్నలూ, ఈ మొత్తం లెక్క మీ దగ్గరే ఉండాలి. కోచ్‌కు మీరే చెప్పాలి. ఏ జట్టుకు ఆడినా కాలు ఒకటే.

ఇక మన ఊరి పెద్దాయన గురించి. సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఇరవై ఏళ్లు తీర్చిదిద్దినవారు, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన కోచింగ్‌లో ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవన్నీ చాలామందికి తెలుసు. నాకు వీటికంటే గొప్పగా అనిపించేది, ఆయన హైదరాబాద్‌లో పెట్టిన చిన్న చిన్న టోర్నీలు. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ ఇవ్వాల్సిందే. ఇంకో దాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే కొట్టాలి.

ఒక్కసారి ఆలోచించండి. వాటం లేని కాలితో ఆడితే ప్రతివాడూ తప్పు చేస్తాడు. పాస్ పక్కకు పోతుంది, షాట్ ఆకాశానికి పోతుంది. మైదానంలో ఉన్న అందరూ తప్పులు చేస్తున్నప్పుడు తప్పు చేయడానికి సిగ్గు ఉండదు, తప్పు చేశాడని బయటికి పిలవడానికి కారణమూ ఉండదు. దీనికి ఆయనేం పేరు పెట్టుకున్నారో గానీ, కుర్రాళ్లకు భయం లేని నిమిషాలు ఇవ్వడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఖర్చు కూడా లేదు. ఒక మైదానం, ఒక బంతి, ఒక షరతు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరామ్ వచ్చారు. పేద కుటుంబం. ప్రాక్టీస్‌కు రావడానికి దారి ఖర్చులు లేవంటే రహీమ్ సాబ్ సైకిల్ అద్దెకు డబ్బిచ్చి రప్పించుకున్నారని చెబుతారు. 1956లో, ఇరవై ఏళ్ల వయసు దగ్గర, బలరామ్ మెల్‌బోర్న్ జట్టులో ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తాలో బంగారు పతకం. సైకిల్ అద్దె కూడా నిమిషాల లెక్కలోకే వస్తుంది. మైదానం దాకా రాలేని కుర్రాడికి మనం ఎన్ని నిమిషాలు కేటాయించినా ఏం లాభం?

ఇప్పుడు మన పరిస్థితికి వద్దాం. మన రాష్ట్రాల్లో పిల్లల ఫుట్‌బాల్ ఎక్కువగా నాకౌట్ టోర్నీల మీద నడుస్తోంది. ఓడితే ఇంటికి. ఏడాదంతా ప్రాక్టీస్ చేసిన స్కూల్ జట్టు ఒక్క మ్యాచ్ ఆడి తిరిగి బస్సెక్కుతుంది. నాకౌట్‌లో ఏ కోచ్ కుర్రాడి తప్పును భరిస్తాడు? భరించలేడు. అందుకని నేను అధికారులను అడిగేది ఒక్కటే, పిల్లలకు లీగ్ పెట్టండి. నాలుగు జట్లే ఉన్నా సరే, రెండు రౌండ్లు ఆడించండి, ప్రతి జట్టుకూ ఆరు మ్యాచ్‌లు వస్తాయి. ఓడిన వారం తర్వాత ఇంకో మ్యాచ్ ఉందని తెలిస్తే కోచ్ చెయ్యి కాస్త ఆగుతుంది. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామం పల్లెల పిల్లలతో, అమ్మాయిలతో సహా, ఇలాంటి లీగ్ ఆట నడిపింది. పెద్ద నగరం కాకపోయినా చేయొచ్చని అక్కడ చూశాం.

అమ్మాయిల విషయంలో ఈ లోటు ఇంకా పెద్దది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకు ఆడుతోంది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌తో ఉండి వచ్చింది, ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 జాతీయ మహిళా లీగ్ గెలిచింది. ఆ లీగ్‌లో ఒక జట్టు ఆడేవి 14 మ్యాచ్‌లు. దేశంలో అత్యున్నత స్థాయి ఆటగత్తెకు ఏడాదికి లీగ్‌లో దొరికే మొత్తం టైమ్ 1,260 నిమిషాలు. ఇక జిల్లాలో పద్నాలుగేళ్ల అమ్మాయికి ఎంత దొరుకుతుందో మీరే ఊహించండి. జట్టు కట్టడానికి పదకొండు మంది దొరకలేదని మ్యాచ్‌లు రద్దవుతున్నాయి. ఏడుగురితో ఆడించండి. ఐదుగురితో ఆడించండి. చిన్న మైదానంలో తక్కువమందితో ఆడితే ఒక్కొక్కరికి బంతి ఎక్కువసార్లు అందుతుంది, అది ఇంకా మంచిది.

కోచ్‌లకు నా విన్నపం. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి మ్యాచ్‌కు ప్రతి పిల్లవాడి పేరు పక్కన మూడు గడులు. ఎన్నో నిమిషంలో దిగాడు. ఎన్నో నిమిషంలో బయటికి వచ్చాడు. పెద్ద తప్పు చేస్తే ఎన్నో నిమిషంలో, ఆ తర్వాత ఎంతసేపు ఆడాడు. పన్నెండేళ్ల లోపు పిల్లలైతే ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు, అందరూ ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం ఆడాలి, అంతే. పదిహేను దాటాక పోటీ రావాలి, సమానంగా పంచడం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా ఒక నియమం పెట్టుకోండి. గోల్‌కు దారితీసిన తప్పు జరిగాక పది నిమిషాల దాకా ఆ పిల్లవాణ్ని మార్చొద్దు. గాయమైతే వేరే సంగతి. పది నిమిషాల్లో వాడు మళ్లీ రెండు మూడుసార్లు బంతి తాకుతాడు, ఒక మంచి పాస్ ఇస్తాడు. ఆ తర్వాత మార్చినా, వాడు బయటికి వచ్చేది ఆ మంచి పాస్‌తో.

తల్లిదండ్రులకు కూడా ఒకటి చెప్పాలి. కారులో ఇంటికి వెళ్లేటప్పుడు ఆ తప్పు గురించి మాట్లాడకండి. వాడికి తెలుసు. ఆ రాత్రి నిద్రలో కూడా అదే పాస్ ఇస్తుంటాడు. అలాగే కోచ్‌ను "ఎందుకు ఆడించలేదు" అని మ్యాచ్ అయిన వెంటనే, పిల్లవాడి ముందు అడగకండి. రెండు రోజులాగి, ఆ నోట్‌బుక్ చూపించమని అడగండి. చూపించలేని కోచ్ ఉంటే అప్పుడు గట్టిగా అడగండి, మీకు ఆ హక్కు ఉంది.

చివరగా గోల్‌కీపర్ల సంగతి, ఇందాక టీ దగ్గర ఒక అమ్మ అడిగారు. వాళ్లమ్మాయి రెండో కీపర్, ఏడాదిగా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదట. ఇది అన్నిటికంటే కష్టమైన స్థానం. ఉన్నది ఒకే చోటు, మధ్యలో మార్చరు, తప్పు చేస్తే స్కోర్ బోర్డులోనే కనిపిస్తుంది. నేను చెప్పేది ఇదీ: పద్నాలుగేళ్ల లోపు ఇద్దరు కీపర్లకు చెరో సగం ఇవ్వండి, ఎవరు మెరుగైనా సరే. ఆ వయసు దాటితే మ్యాచ్ మార్చి మ్యాచ్ కాకుండా, ఒక్కొక్కరికీ వరసగా మూడు మ్యాచ్‌లు ఇవ్వండి. ఒక్క మ్యాచే ఇస్తే అది పరీక్ష అవుతుంది, చేతులు వణుకుతాయి. మూడు ఉంటాయని ముందే తెలిస్తే మొదటిదాంట్లో జారవిడిచిన బంతిని రెండోదాంట్లో పట్టుకుంటుంది. ఆ అమ్మాయి కోచ్ కూడా ఇక్కడే ఉన్నారని విన్నాను. వచ్చే లీగ్‌లో ఆ మూడు మ్యాచ్‌లు ఏవో ఈ రోజే తేదీలతో సహా ఆమెకు చెప్పండి సార్.

ఇక మీరు అడగండి.